ముందు ఎర్త్ గొయ్యి, తర్వాతే కారు

మా స్టాఫ్‌రూమ్‌లో ఇప్పటికి నలుగురు అడిగారు, "మేడమ్, ఎలక్ట్రిక్ కారు కొనమంటారా?" అని. నలుగురికీ ఒకటే చెప్పాను: షోరూముకి తర్వాత వెళ్దురు గానీ, ముందు మీ ఇంటి మీటరు బోర్డు దగ్గర నిలబడి చూడండి.

మా ఇల్లు శ్రీకాకుళం బలగలో. పొందూరు వైపు ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. చిలకపాలెం మీదుగా రోజూ రానూ పోనూ నలభై అయిదు కిలోమీటర్లు. 2023లో టియాగో ఈవీ (ఎలక్ట్రిక్ కారు) తీసుకున్నాం, 24 కిలోవాట్ అవర్, అంటే 24 యూనిట్ల బ్యాటరీది. ఇన్నాళ్లలో కారుతో పడిన ఇబ్బంది తక్కువ, ఇంటి వైరింగుతో పడిందే ఎక్కువ. అందుకే ఇది గోడతో మొదలుపెడుతున్నాను.

కారు వచ్చిన మూడో రాత్రి పదకొండు దాటాక మా అత్తగారు లేపారు, "ఏటో కాల్తన్న వాసనొస్తంది, సూడమ్మా" అని. పోర్టికోలోకి వెళ్తే చార్జరు పెట్టిన పవర్ ప్లగ్గు నల్లబడి, ప్లాస్టిక్కు మెత్తబడి ఉంది. మెయిన్ ఆపేసి, పొద్దున్న విప్పి చూస్తే వెనకాల ఉన్నది 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు. పాయింటు పెట్టిన కుర్రాడు మోసం చేయలేదు. "గీజరు నడిసే పాయింటే గదా టీచరమ్మా, కారుకేటవుద్ది?" అన్నాడు, నిజంగా నమ్మే అన్నాడు.

గీజరు పావుగంట నడిచి ఆగిపోతుంది. ఇస్త్రీపెట్టె వేడెక్కగానే దానంతటదే ఆగుతుంది. కారుతో ఇచ్చే 3.3 కిలోవాట్ల చార్జరు అలా కాదు. పద్నాలుగు ఆంపియర్ల పైన లాగుతూ, ఒక్క నిమిషం ఆగకుండా ఏడెనిమిది గంటలు ఉంటుంది. జౌల్ నియమం నేను ఏటా పిల్లలకు బోర్డు మీద రాసేదే: పుట్టే వేడి కరెంటు వర్గానికీ, నిరోధానికీ, కాలానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. అందులో మూడోది, కాలం, ఏం చేస్తుందో మా గోడ మీద చూశాను.

కాబట్టి మీరు చేయించాల్సింది ఇది. మీటరు బోర్డు నుంచి కారు నిలిపే చోటికి విడిగా ఒక లైను లాగించండి. దానికి మధ్యలో ఒక బల్బు కూడా తగిలించనివ్వొద్దు. వైరు రాగిది, 4 చదరపు మిల్లీమీటర్లు. మున్ముందు 7.2 కిలోవాట్ల వాల్‌బాక్స్, అంటే గోడకి బిగించే పెద్ద చార్జరు, పెట్టుకునే ఆలోచన ఉంటే కనీసం 6 ఇప్పుడే వేయించండి, గోడ మళ్లీ పగలగొట్టే పని ఉండదు. ఆ లైనుకి సొంతంగా 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే పడిపోయే స్విచ్) ఒకటి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) ఒకటి ఉండాలి. ఆర్‌సీసీబీలో టైప్ ఏసీ, టైప్ ఏ అని రెండు రకాలు దొరుకుతాయి. ఊరికే అడిగితే మొదటిదే చేతిలో పెడతారు. మనకు కావాల్సింది టైప్ ఏ, ఎందుకంటే కారు చార్జరు లాంటి వాటి నుంచి వచ్చే లీకేజీని ఏసీ రకం పసిగట్టలేకపోవచ్చు. డబ్బా మీద అచ్చు చదివి తీసుకోండి. సాకెట్ 16 ఆంపియర్లది, పిన్ను దూర్చితే బిగువుగా పట్టుకునేది, నేల నుంచి కనీసం నాలుగడుగుల ఎత్తులో, వాన జల్లు తగలని చోట. పని అయ్యాక అరగంట చార్జింగ్ పెట్టి ప్లగ్గు మీద అరచెయ్యి ఆనించండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి తీసేయాలనిపించేంత వేడి ఉంటే ఆపేసి, మళ్లీ ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మాకు సామానూ కూలీ కలిపి పదకొండు వేలు దాటింది. ఆ మొత్తాన్ని కారు ధరలోనే కలుపుకోండి.

ఎర్త్ సంగతి

ఎర్త్ అంటే లీకైన కరెంటు మనిషి మీదికి రాకుండా నేలలోకి పోయే దారి. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నేను చూసిన ఇళ్లలో సగానికి సగం చోట్ల ఇదే లేదు. మూడు పిన్నుల ప్లగ్గు ఉంటుంది, పైన పెద్ద రంధ్రం ఉంటుంది, దాని వెనకాల వైరు మాత్రం ఎక్కడికీ వెళ్లదు. ఫ్యానూ ఫ్రిజ్జూ దాన్ని పట్టించుకోవు. కారు చార్జరు పట్టించుకుంటుంది. ఎర్త్ లేదని తెలిస్తే ఎర్ర లైటు వేసి మొరాయిస్తుంది.

మా ఇల్లు నాగావళికి దగ్గర, కింద అంతా ఇసక. ఇల్లు కట్టినప్పుడు వేసిన ఎర్త్ పైపు నాలుగడుగులే. వోల్టేజీ కొలిచే మల్టీమీటరు ఒక కొస న్యూట్రల్‌లో (కరెంటు తిరిగి వెళ్లే వైరు), ఒక కొస ఎర్త్‌లో పెడితే 38 వోల్టులు చూపించింది. రెండు మూడుకి మించకూడదు. అప్పుడు ఒక పెద్ద మేస్త్రీ వచ్చి చూసి, "దీనికేటమ్మా, న్యూట్రల్‌కీ ఎర్త్ పిన్నుకీ లింకిచ్చీస్తాను, లైటు పచ్చగా వచ్చీస్తాది" అన్నాడు. వద్దని పంపేశాను.

మీరూ ఒప్పుకోవద్దు. ఇది బతిమాలి చెబుతున్నాను. అలా కలిపితే చార్జరు మోసపోతుంది, లైటు పచ్చగానే వస్తుంది. కానీ ఎప్పుడో గాలివానకు స్తంభం మీద న్యూట్రల్ తెగిందనుకోండి, ఫేజు, అంటే కరెంటు వచ్చే వైరులోది, తిరుగుదారి పట్టి ఎర్త్ పిన్ను గుండా కారు బాడీలోకి వచ్చేస్తుంది. తడి కాళ్లతో పిల్లవాడు తలుపు పట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మన జిల్లాలో న్యూట్రల్ తెగడం ఎప్పుడో జరిగే సంగతి కాదు, ప్రతి గాలివానకీ ఏదో ఒక వీధిలో జరిగేదే.

కొత్త గొయ్యి తీయించాం. ఎనిమిదడుగుల రాగిపూత రాడ్డు, చుట్టూ బొగ్గూ ఉప్పూ వరసలు, పైన నీళ్లు పోయడానికి గొట్టం, దాని మీద సిమెంటు మూత. ఆ 38 కాస్తా ఒకటిన్నరకి దిగింది. ఇసక నేల ఏప్రిల్, మే నెలల్లో లోపలిదాకా ఎండిపోతుంది, అప్పుడు మళ్లీ పెరుగుతుంది. అందుకే వేసవిలో ఆదివారం ఆదివారం రెండు బకెట్ల నీళ్లు ఆ గొట్టంలో పోస్తాం. ఈ పని మా అత్తగారు తన మీద వేసుకున్నారు, నాకు గుర్తు చేయనవసరం లేకుండా చేస్తారు.

లోడు, బిల్లు

మాకు మొదట్నుంచీ మీటరు మీద రాయించుకున్న లోడు రెండు కిలోవాట్లు. కారు ఒక్కటే 3.3. ఏసీ దానికి తోడు. కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్‌కి దరఖాస్తు పెట్టి అయిదు కిలోవాట్లకు పెంచుకున్నాం. నెల బిల్లులో కిలోవాట్‌కు పది రూపాయల స్థిర చార్జీ పెరుగుతుంది. పెంచుకోకుండా వాడితే ఎప్పుడో ఒకప్పుడు నోటీసు వస్తుంది, పైగా మీ వీధి ట్రాన్స్‌ఫార్మరు మీద ఎంత భారం ఉందో డిపార్ట్‌మెంటుకి తెలియాలి గదా. "ఇంటి మీటరు మీద కారు చార్జి చేయకూడదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు ఇంట్లోనూ ఆఫీసులోనూ ఉన్న కనెక్షన్ మీదే చార్జి చేసుకోవచ్చని స్పష్టంగా చెప్పాయి.

ఖర్చు ఎంత అంటారా? మా కారు వెయ్యి కిలోమీటర్లకు గోడ దగ్గర 130 యూనిట్లు తీసుకుంటోంది. బ్యాటరీలోకి చేరేది అంతకంటే తక్కువే. పది పదిహేను శాతం చార్జరులో వేడిగా పోతుంది, లెక్క ఎప్పుడూ మీటరు వైపు నుంచే వేసుకోండి. మన ఇళ్ల బిల్లు శ్లాబులది: 2022లో వచ్చిన రేట్ల ప్రకారం 30 దాకా 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. మాకు కారుకి ముందు నెలకు 150 యూనిట్లు అయ్యేవి. కారుతో 280. పెరిగిన 130లో మొదటి 75 యూనిట్లు ఆరు రూపాయల చొప్పున 450, మిగతా 55 యూనిట్లు 8.75 చొప్పున 481. అంటే 931 రూపాయలు, పైన సర్దుబాటు చార్జీలూ సుంకమూ. మా పాత పెట్రోలు కారు లీటరుకి పదహారు ఇచ్చేది. అదే వెయ్యి కిలోమీటర్లకు, లీటరు నూట పది చొప్పున, 6,875 అయ్యేది.

ఇక్కడ ఒకటి గమనించండి. కారు యూనిట్లు ఎప్పుడూ మీ బిల్లులో పైమెట్టు మీదే కూర్చుంటాయి. మే నెలలో ఏసీలతోనే నాలుగు వందలు దాటే ఇల్లయితే కారుకి ఎక్కే ప్రతి యూనిట్టూ 9.75దే, ఆ 130కి 1,267 అవుతుంది. ఎక్కువ తిరిగేవాళ్లు ఈవీ చార్జింగ్ కేటగిరీలో వేరే మీటరు గురించి కరెంటు డిపార్ట్‌మెంటు ఏఈ ఆఫీసులో అడగండి, దానికి శ్లాబులు ఉండవు. లేదా పైకప్పు మీద సోలారు పెట్టించుకోండి. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. మా వారు అదే పనిలో ఉన్నారు.

రోజువారీ

స్కూలుకి వెళ్లొస్తే మీటరు లెక్కన ఆరు యూనిట్లు ఖర్చు. రోజూ చార్జి పెట్టను, మూడు రోజులకోసారి పెడతాను. ముప్పై శాతానికి దిగితే రాత్రి తగిలిస్తే తెల్లారేసరికి నిండుతుంది. మీ బ్యాటరీ ఏ రకమో కొన్నప్పుడే అడిగి తెలుసుకోండి, ఎక్కువగా ఎల్ఎఫ్‌పీ, ఎన్ఎంసీ అని రెండు రసాయనాలవి ఉంటాయి. ఎల్ఎఫ్‌పీ అయితే వారానికి ఒకసారైనా నూరు దాకా ఎక్కించాలి, లేకపోతే స్క్రీన్ మీద చూపించే శాతం నమ్మదగ్గదిగా ఉండదు. ఎన్ఎంసీ అయితే మామూలు రోజుల్లో ఎనభై దగ్గర ఆపి, దూరం వెళ్లే ముందు రాత్రి మాత్రమే నింపడం మంచిది. ఏ రకమైనా అయిదు పది శాతంలో రోజుల తరబడి వదిలేయకండి.

సాయంత్రం ఏడు నుంచి పది దాకా మా వీధిలో వోల్టేజీ పడిపోతుంది. వేసవిలో 190 కూడా చూశాను. అప్పుడు చార్జరు ఆగిపోతూ మళ్లీ మొదలవుతూ ఉంటుంది. పడుకునే ముందు, పదకొండుకి, తగిలిస్తే ఆ బాధ లేదు. కారు ప్లగ్గు లైను ఇంటి ఇన్వర్టరు మీద లేకుండా చూసుకోవడం మరిచిపోకండి. కరెంటు పోయిన క్షణంలో కారు ఇన్వర్టరుని లాగబోతే అది తట్టుకోలేదు.

అద్దె ఇల్లయితే, వైరింగు ఖర్చు మీదే పెట్టుకుని, ఇల్లు వదిలేటప్పుడు పాయింటు వాళ్లకే వదిలేస్తానని ముందే చెప్పండి. ఎక్కువమంది ఒప్పుకుంటారు. అపార్ట్‌మెంటులో మీ ఫ్లాటు మీటరు నుంచే సెల్లారుకి లైను దించుకోండి. కామన్ మీటరు మీద పెడితే రెండో నెలకే గొడవ.

ఊరెళ్తే

మా పుట్టిల్లు ఉద్దానంలో, మందస దగ్గర. ఇక్కణ్నుంచి తొంభై పైచిలుకు కిలోమీటర్లు. కొన్నప్పుడు కాగితం మీద రాసింది 315 కిలోమీటర్లు, కానీ అది పరీక్షలో నడిపిన లెక్క. నాకు చలికాలంలో 200 దాకా వస్తుంది, మే ఎండలో ఏసీ వేసుకుని హైవే మీద ఎనభై దాటితే 170కి మించదు. అంటే ఊరెళ్లి తిరిగి రావాలంటే అక్కడ చార్జి పెట్టాల్సిందే.

మొదటిసారి వెళ్లినప్పుడు ఇంట్లో ప్లగ్గులకు ఎర్త్ లేదు, ఎర్ర లైటు. మా తమ్ముడు, "అప్పా, జీడితోటలో మోటారు పాయింటుంది, అక్కడెట్టీ" అన్నాడు. వాడిది ప్రేమే, కానీ అది వ్యవసాయానికి ఇచ్చిన ఉచిత కరెంటు. ఒక పనికిచ్చిన సర్వీసుని మరో పనికి వాడటం 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద తప్పు, నిజంగా వాడిన పనికి వర్తించే రేటుకి రెండింతలు కట్టిస్తారు. కట్టాల్సి వస్తే కట్టేది రైతు. ఆ రోజు పలాస వెళ్లి దారి వెతుక్కున్నాను, పై నెలలో అమ్మ ఇంట్లో ఎర్త్ రాడ్డు దింపించి మంచి పాయింటు ఒకటి పెట్టించాను. మీరు తరచూ వెళ్లే ఊళ్లో ఇలా ఒకటి పెట్టించుకోవడం చాలా మేలు. చుట్టాలింట్లో ఎక్స్‌టెన్షన్ వైరు మీద మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. చుట్టచుట్టి ఉన్న వైరు లోపల్లోపలే కరుగుతుంది. ఎర్త్ ఉందో లేదో చూపించే చిన్న మూడు లైట్ల టెస్టరు దొరుకుతుంది, అది నా కారులో ఎప్పుడూ ఉంటుంది.

విశాఖ ప్రయాణం ఇంకోరకం. మా ఇంటి నుంచి దాదాపు 110 కిలోమీటర్లు, రానూ పోనూ 220. నూరు శాతంతో బయల్దేరి, గంటకి డెబ్బై అయిదు దాటకుండా వెళ్తే నలభై చిల్లర శాతంతో చేరతాను. అక్కడ పని చూసుకునే గంటలో ఫాస్ట్ చార్జింగు పెట్టి ఎనభై చేసుకుంటాను. ఎనభై తర్వాత బాగా నెమ్మదిస్తుంది, నూరు కోసం అక్కడ కూర్చోవడం దండగ, వెనకాల ఇంకొకరు ఎదురుచూస్తుంటారు కూడా. ఒకసారి తిరుగుదారిలో యాప్‌లో పచ్చగా కనిపించిన హైవే స్టేషన్‌కి పద్దెనిమిది శాతంతో చేరాను. చార్జింగ్ గన్ను పనిచేయడం లేదు, ఫోనెత్తేవాళ్లు లేరు. ఏసీ ఆపి, యాభైలో నడిపి, రణస్థలం దాటి ఇంకో చోటికి చేరేసరికి తొమ్మిది శాతం. అప్పట్నుంచి ముప్పై లోపు పడకముందే ఆగుతాను, ఒకటి కాదు రెండు స్టేషన్లు చూసుకుని బయల్దేరతాను, ఆ రోజు అక్కడ ఎవరైనా చార్జి చేశారా లేదా యాప్‌లో చూస్తాను. రెండు మూడు యాప్‌లలో ముందే ఇంట్లో కూర్చుని డబ్బులు వేసి పెట్టుకోండి, హైవే పక్కన సిగ్నల్ దొరక్క అవస్థ పడొద్దు. బయట నాకు యూనిట్ 18 నుంచి 25 రూపాయల దాకా పడుతోంది. ఇంట్లో ఏర్పాటు లేనివాళ్లు రోజూ ఇలా బయటే పెట్టుకోవాల్సి వస్తే, నన్నడిగితే కొనవద్దంటాను.

ఉప్పుగాలి, తుఫాను

సర్వీసింగు పెద్దగా ఉండదు, ఇంజను ఆయిలు లేదు, క్లచ్ లేదు. కానీ మనది సముద్రతీరం. కాలు ఎత్తగానే కారు తనంతట తానే నెమ్మదించి బ్యాటరీలోకి కొంత వెనక్కి ఇస్తుంది కాబట్టి బ్రేకులు తక్కువ వాడతాం. వాడకపోతే ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. వారానికోసారి ఖాళీ రోడ్డు చూసి, వెనక ఎవరూ లేనప్పుడు నాలుగుసార్లు గట్టిగా తొక్కుతాను. చార్జింగ్ మూత ఎప్పుడూ మూసి ఉంచండి, అందులోకి పైపుతో నీళ్లు కొట్టనివ్వొద్దు. పెద్ద బ్యాటరీ కాకుండా 12 వోల్టుల మామూలు బ్యాటరీ కూడా ఒకటి ఉంటుంది, అది పడిపోతే పెద్దది నిండుగా ఉన్నా కారు లేవదు. సెలవుల్లో కారుని నెలరోజులు కదపకుండా వదిలేయకండి.

2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు మాకు ఈ కారు లేదు. అమ్మవాళ్లకి పన్నెండు రోజులు కరెంటు లేదు. జీడి, కొబ్బరి చెట్లు నేలకొరిగాయి, స్తంభాలు వరసగా పడుకున్నాయి. ఆ రోజులు గుర్తుండబట్టే ఒక అలవాటు చేసుకున్నాను. వాతావరణ కేంద్రం హెచ్చరిక రాగానే, ఆ రాత్రే నూరు శాతం ఎక్కిస్తాను. తర్వాత చార్జరు గోడ నుంచి తీసేసి, మేడ మీద గదిలో పెట్టి, ఆ ఎంసీబీ కిందికి దింపేస్తాను. కారుని కొబ్బరిచెట్టుకీ స్తంభానికీ దూరంగా, వీధిలో ఎత్తుగా ఉన్న చోట పెడతాను. బ్యాటరీ పెట్టె ఐపీ67 రకం, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకునేలా పరీక్షించింది. అది బ్యాటరీ పెట్టెకి ఇచ్చిన హామీ మాత్రమే, వరద నీళ్లలో నడపమని కాదు. సోలారు ఉందిగదా అనుకోకండి, గ్రిడ్‌కి కలిపిన మామూలు సోలారు కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే మనిషికి షాకు కొట్టకుండా దాన్ని అలాగే తయారుచేస్తారు. నిండిన కారు మాత్రం నిలిపిన చోటే ఉండి, ఇంటిల్లిపాది ఫోన్లకీ పక్కింటి వాళ్ల ఫోన్లకీ చార్జింగ్ ఇస్తుంది. అర్ధరాత్రి ఎవరికైనా నొప్పులొస్తే రిమ్స్ ఆసుపత్రి దాకా వెళ్లిరావడానికీ పనికొస్తుంది, పెట్రోలు బంకు దగ్గర క్యూలో నిలబడే పని లేకుండా.

కరెంటు వచ్చాక మాత్రం ఆ రోజే చార్జరు తగిలించను. ఒక పూట ఆగుతాను. హడావిడిగా లైన్లు కలిపినప్పుడు వైర్లు తారుమారయ్యే సందర్భాలుంటాయి, వోల్టేజీ ఎగిసిపడుతుంటుంది. మల్టీమీటరు తీసి ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఎంతుందో, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఎంతుందో రెండూ చూసి, మొదటిది 215కీ 245కీ మధ్య, రెండోది మూడు లోపల ఉంటేనే ఎంసీబీ పైకెత్తుతాను.